కోదాడ నుంచి వచ్చినాయన

"జర ఆగు. నీకంటె ముందొచ్చింది నేను."

మోతీబాయి చెయ్యి అడ్డం పెట్టింది.

సూర్యాపేటలో రాష్ట్ర వైద్య సహాయ కమిషన్ పెట్టిన క్యాంపుకు అది చివరి రోజు. వరుసలో ఆమె వెనక నిలబడ్డ మనిషి మెల్లగా అన్నాడు.

"నేను త్వరగా ఇంటికెళ్లాలమ్మా. లోపల ఒక్క మాట చెప్పి వచ్చేస్తాను."

ఆమె అతన్ని గుర్తుపట్టింది. కోదాడ సాంసన్. కూతురి గుండె ఆపరేషన్‌కు సాయం మంజూరైందని నిన్న పేరు చదవగానే, ఇదే వరండాలో ఏడుస్తూ అందరికీ దండం పెట్టినవాడు. జిల్లాకు మిగిలింది ఆ ఒక్క సాయమే.

"నీకు వచ్చింది గద. ఇంకేం గావాలె?"

అతను తల దించుకుని వెనక్కి జరిగాడు.

లోపల కమిషన్ సభ్యురాలు శ్రీవాణి ముందు మోతీబాయి చేతులు జోడించింది.

"నా పూజకు ఊపిరి ఆడ్తలేదు మేడం. దవాఖానల్నే ఉన్నది. పిల్ల తండ్రి మిర్యాలగూడ రైస్‌మిల్లుల బస్తాలు మోస్తడు. గుండె ఆపరేషన్ మాతోని అయితదా?"

"నాకు తెలుసమ్మా. కానీ ఉన్నదొక్కటీ నిన్ననే ఇచ్చేశాం."

"నా బిడ్డకు మార్చున్రి. పెద్ద ఆఫీసరు గద మీరు."

"ఇచ్చే అధికారమే మాకుంది. ఇచ్చింది తీసి ఇంకొకరికి ఇచ్చే అధికారం లేదు. ఛైర్మన్ గారికి కూడా లేదు."

"మరెవరికున్నది?"

శ్రీవాణి కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

"ఎవరికి మంజూరైందో వాళ్లే వద్దనాలి."

"కన్నోళ్లు ఎందుకు వద్దంటరు మేడం?"

శ్రీవాణి పూజ దరఖాస్తును మళ్లీ ఫైల్లో పెట్టింది.

బయటికొచ్చి మోతీబాయి గోడకు చేరగిలబడింది. పూజ దగ్గరికి ఏ మొహంతో వెళ్లాలో తోచలేదు. ఎదురుగా సాంసన్ కనబడేసరికి గొంతు పెంచింది.

"నీ బిడ్డ బతుకుతది. నా బిడ్డ సావాలె. మంచిగున్నదా?"

వరండాలో అందరూ తిరిగి చూశారు. సాంసన్ తలెత్తి ఆమెను చూశాడు.

"పాప పేరేంటమ్మా?"

"నీకెందుకు? పూజ."

అతను లోపలికి వెళ్లాడు. కాసేపటికే వచ్చి, ఎవరివైపూ చూడకుండా బస్టాండు దారి పట్టాడు.

"మోతీబాయి, మేడం పిలుస్తున్నరు," అన్నాడు అటెండరు.

శ్రీవాణి ఈసారి కుర్చీలో లేదు. తలుపు దాకా ఎదురొచ్చింది.

"జాబితాలో తర్వాతి పేరు మీ పాపదే. మంజూరు చేశాం. దవాఖానకు ఫోన్ కూడా చేయించాను."

మోతీబాయి తలుపు పట్టుకుంది. అక్కడే నేల మీద కూర్చుండిపోయింది.

"ఎట్ల మేడం?"

"ఆ కోదాడాయన తనకు వద్దన్నాడు."

"గాయననా? నోటికొచ్చినట్లు తిట్టిన గదా మేడం. జర పిలిపియ్యున్రి, కాళ్లు మొక్కుత."

"నేనూ ఆగమన్నాను. ఆగలేనన్నాడు."

"మరి ఆయన బిడ్డో?"

శ్రీవాణి ఆమె పక్కనే నేల మీద కూర్చుంది.

"పొద్దున పోయిందమ్మా. ఈ సాయంత్రంలోగా వద్దని చెప్పకపోతే ఆ సాయం ఎవరికీ కాకుండా పోతుందని, బిడ్డ శవాన్ని ఇంట్లో ఉంచి వచ్చాడు."