గంప దగ్గరికి పోని తల్లి

మా ఆల్ప్స్ లోయలో అందరి గడ్డికోతా అయింది. నడుమెత్తు పెరిగి నా గడ్డే మిగిలింది.

గడ్డిలో దాగిన జింకపిల్లలు కోతమిషనుకు పారిపోవు, నేలకు అణిగిపోతాయి. అందుకే నా భార్య వాల్బర్గ ముందు నడిచి ఒకదాన్ని పట్టింది. మనిషి వాసన అంటకుండా గడ్డితో పొదివి ఎత్తి, గట్టున గంప కింద మూసింది.

అది ఒకటే అరుపు. తల్లి జింక అటు పోకుండా నా ట్రాక్టరుకే అడ్డం నిలబడింది.

"పోవే! బిడ్డ అక్కడ ఏడుస్తుంటే ఇక్కడేం పని? నువ్వూ ఒక తల్లివేనా?"

హారన్ కొట్టినా కదలలేదు. కోపమొచ్చి బండి ముందుకు పోనిచ్చాను.

"ఆపయ్యా!" అంటూ వాల్బర్గ ఉరికి వచ్చి చక్రం ముందు వంగింది.

లేచినప్పుడు ఆమె చేతుల్లో రెండో పిల్ల ఉంది.

"ఇప్పుడు తిట్టు దాన్ని, చూద్దాం," అంది.