నాలుగో తరగతి దుప్పటి

“ఇది బడా, ఆసుపత్రా మేడమ్? ఒక్క మాటలో చెప్పండి,” అన్నారు పాఠశాల కమిటీ అధ్యక్షులు, కుర్చీలో ఇంకా సర్దుకోకుండానే.

“బడే సార్. కాకపోతే మందులు వాడే పిల్లలు కూడా చదువుకునే బడి,” అంది పెద్ద మేడమ్.

ఆవిడ ఆ బడికి ప్రధానోపాధ్యాయురాలు. చిన్నా పెద్దా అందరూ పెద్ద మేడమ్ అనే పిలుస్తారు. మనిషి పొట్టి, పట్టుదల మాత్రం గట్టిది. అధ్యక్షుల చేతిలోని కాగితం దేని గురించో ఆవిడకు తెలుసు. నాలుగో తరగతిలో ఒక పిల్ల ఉంది. ఎడమకాలు ఈడుస్తూ నడుస్తుంది, అప్పుడప్పుడూ మూర్ఛ వస్తుంది. గలగలా మాట్లాడుతుందని అందరూ పిట్ట అంటారు. మూడు బళ్ళవాళ్ళు మా వల్ల కాదని చేతులెత్తేస్తే ఇక్కడ చేరింది. ఇక్కడి నుంచి కూడా పంపించెయ్యమని కొందరు తల్లిదండ్రులు రాసిచ్చారు. ఆ సంగతి ఇవాళ తేల్చాలి. పంపేస్తే ఆ పిల్లకు ఇక ఇంట్లో కూర్చోవడమే గతి.

“క్లాసులో పడిపోతే మిగతా పిల్లలు హడలిపోరూ?”

“పోయినసారి హడలిపోయింది నేనే సార్. పిల్లలు కాదు.”

ఆయన నవ్వలేదు. ఆవిడ కూడా నవ్వించాలని అనలేదు, ఉన్నమాటే చెప్పింది.

“అంతా మా కొత్త టీచరు చలవ,” అంది.

ఆ టీచరు వచ్చి రెండు నెలలే అయింది. నాలుగో తరగతి అనగానే మిగతావాళ్ళు తలో సాకు చెప్పి తప్పుకుంటుంటే, ఈ అమ్మాయి ఇంటర్వ్యూలోనే “నాకు ఆ తరగతే ఇప్పించండి మేడమ్” అని అడిగి మరీ తీసుకుంది. మూర్ఛ వస్తే ఏం చెయ్యాలో పిల్లలకు వారానికోసారి నేర్పమంటే రోజూ నేర్పుతుంది. “రోజూ ఎందుకమ్మా?” అంటే, “చేతికి అలవాటైపోవాలి మేడమ్” అంటుంది. పిట్టను కూడా వదలదు. “తనకి మాత్రం రావద్దా?” అని అందరితో పాటు దానిచేతా చేయిస్తుంది. ఏ పుణ్యం చేసుకుంటే దొరికిందో ఈ పిల్ల అని పెద్ద మేడమ్ రోజుకోసారైనా అనుకుంటుంది.

అంతలో గంట మోగింది. గబగబా మూడు దెబ్బలు.

“ఇదేం గంట?”

“నాలుగో తరగతి!” అంటూనే పెద్ద మేడమ్ అల్మారాలోంచి పిట్ట మందు డబ్బా అందుకుని పరుగు తీసింది. అధ్యక్షులు బల్ల మీది మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని ఆయాసపడుతూ వెనకే వచ్చారు.

తలుపు దగ్గర ముందు పళ్ళు ఊడిన ఒక పిల్ల రెండు చేతులూ చాచి అడ్డంగా నిలబడింది.

“గుంపుగా రాకూడదు సార్. గాలి ఆడాలి.”

“నేనెవరో తెలుసా?”

“తెలీదు సార్. గ్లాసు కింద పెట్టేయండి. నోట్లో ఏమీ పోయకూడదు.”

అధ్యక్షులు నోరెత్తకుండా గ్లాసు కింద పెట్టారు.

లోపల బల్లలన్నీ ఓ పక్కకు జరిపేసి ఉన్నాయి. గది మధ్యలో ఇద్దరు పిల్లలు ఒక దుప్పటిని తెరలా ఎత్తి పట్టుకున్నారు. మిగతావాళ్ళంతా గోడవైపు తిరిగి ఏడో ఎక్కం మెల్లగా చదువుతున్నారు.

“వీళ్ళేంటి, అటు తిరిగి నిలబడ్డారు?”

“తెలివొచ్చేసరికి ఎవరూ గుడ్లప్పగించి చూస్తూ ఉండకూడదు సార్. రోజూ వినపడేదే వినపడాలి. ఈ తరగతిలో అదీ పద్ధతి. టీచరే పెట్టింది,” అంది పెద్ద మేడమ్.

“ఏదీ, ఆ టీచరేదీ?”

“లోపలే ఉన్నారు సార్,” తలుపు దగ్గరి పిల్ల దుప్పటి వైపు చూపించింది.

పెద్ద మేడమ్ ఊపిరి పీల్చుకుంది. టీచరు ఉంటే బెంగ లేదు. ఐదు నిమిషాలు దాటితేనే మందు. అప్పటిదాకా ఎవరూ మీదపడకూడదన్నది తను కూడా ఒప్పుకున్న నియమమే. ఇవాళే రావాలా, ఈయన ఉండగానే రావాలా ఈ మాయదారి మూర్ఛ అని లోలోపలే తిట్టుకుంది.

“రెండు నిమిషాలు,” ఎక్కాల మధ్యలో దుప్పటి వెనక నుంచి ఎవరిదో సన్నటి గొంతు వినిపించింది. “పక్కకి తిప్పాం. తల కింద సంచీ పెట్టాం.”

గోడ దగ్గర ఒక పిల్ల వెక్కుతోంది. పక్కనున్న పిల్ల దాని చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఇద్దరూ ఎక్కం మాత్రం ఆపలేదు.

“మూడు నిమిషాలు.”

పెద్ద మేడమ్ డబ్బా మూత తీసి పట్టుకుంది.

“మూడున్నర. ఆగిపోయింది. ఊపిరి బాగానే ఆడుతోంది.”

అధ్యక్షులు చేతిలోని కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో దోపుకున్నారు.

“నా చిన్నప్పుడు మా క్లాసులో ఒకడు ఇలాగే పడిపోతే అందరం బయటికి లగెత్తాం మేడమ్. మా మాస్టారితో సహా,” అన్నారు. “ఆ పిల్ల ఇక్కడే చదువుకుంటుంది. రాసిచ్చినవాళ్ళకి నేను చెప్పుకుంటాను. ఆ టీచరమ్మకి మాత్రం నేనే స్వయంగా దణ్ణం పెట్టాలి.”

పెద్ద మేడమ్‌కు ఒక్కసారిగా ఏడుపొచ్చింది. పమిటచెంగుతో కళ్ళు తుడుచుకుంది.

“ఇంక రావచ్చు మేడమ్,” అంటూ తలుపు దగ్గరి పిల్ల చేతులు దించింది.

ఇద్దరూ చప్పుడు చెయ్యకుండా దుప్పటి అవతలికి వెళ్ళారు.

వాచీ పట్టుకుని కూర్చున్నది పిట్ట, పడుకున్నది టీచరు.