నాలుగు సర్వీసుల సగటు

అంబులెన్సు డ్రైవర్ పైడిబాబును అన్యాయంగా పనిలోంచి తీసేశారు, మేనేజరు గారూ. ఆయన ఆలస్యం చేయలేదు. జుగ్సలాయి బస్తీలో పురిటి నొప్పులు పడుతున్న ఆవిడ పిలుపు ఆయనకు చేరనే లేదు.

"నా ఫోను మోగనేదు బాబూ" అని మీ ముందే ఏడ్చాడు. మీరు నవ్వారు.

అంబులెన్సును పిలిచే మన యాప్‌లో నాలుగు సర్వీసులు, అంటే నాలుగు ప్రోగ్రాములు, ఒకదాని వెనక ఒకటి నడవాలి. మూడు, వందకు తొంభై తొమ్మిది సార్లు పనిచేస్తాయి. డ్రైవరుకు కబురు పంపే నాలుగోది అరవై సార్లే. మీరు నాలుగూ కూడి సగటు తీయించారు. ఎనభై తొమ్మిది వచ్చింది, భేషుగ్గా ఉందని ఆసుపత్రికి రాసిచ్చారు. ఒకటి ఆగితే అంతా ఆగిపోయే ఇలాంటి చోట కూడకూడదు, గుణించాలి. గుణిస్తే వచ్చేది యాభై ఎనిమిదే. పదింట నాలుగు పిలుపులు మధ్యలోనే పోతున్నాయి.

ఈ మాట సగటు తీయించిన రోజే అన్నాను. "ఏటే త్రివేణీ, యూట్యూబు సూసి నేర్చుకున్నదానివి, నాకు లెక్కలు సెప్తావేటి?" అన్నారు. అయినా ఆ సగటు వేసి, కింద సంతకం పెట్టింది నేనే.

ఆవిడ బిడ్డ దక్కలేదు.

శనివారం సాయంత్రం ఐదులోగా పైడిబాబును డ్యూటీలోకి తీసుకోండి. తీసేసిన కాగితంలో ఆయన పేరున్న చోట నా పేరు రాసి జవాబు పంపండి. పంపకపోతే, మనిద్దరి పేర్లూ ఆ తల్లికి నేనే వెళ్ళి చెబుతాను.