ఇర్మా ఇంటి కప్పు మీద పావురం

"ఆ దుప్పటి ముట్టుకోకు తల్లీ, నీకు దణ్ణం పెడతాను!"

ఓదీల్ కంచె ఇవతలి నుంచి గొంతు నొక్కిపెట్టి అరిచాడు. దండెం మీదికి చాచిన చెయ్యి అలాగే ఆపి, పక్కింటి ఇర్మా వెనక్కి తిరిగింది.

"చినుకులు పడుతున్నాయయ్యా. వారం బట్టలూ నానిపోవాలా?"

"పైకి చూడు."

ఆమె ఇంటి పెంకుల మీద నీలిబూడిద రంగు పావురం తీరిగ్గా రెక్కలు సవరించుకుంటోంది. నిన్న పొద్దున బార్సిలోనాలో వదిలిన పందెపు పక్షి. వెయ్యి కిలోమీటర్లు ఎగిరొచ్చి, ఓదీల్ పెరట్లోని తన గూటికి ఇరవై అడుగుల దూరంలో ఆగిపోయింది. గూటి వాకిట్లో పలక మీద కాలు పెడితేనే పందెపు గడియారంలో సమయం నమోదవుతుంది. అంతవరకూ అది రానట్టే లెక్క.

"నలభై ఏళ్లలో ఒక్కసారీ గెలవలేదు ఇర్మా. ఇవాళ వెనక వీధి గాస్తోన్ పక్షి కూడా ఇంకా రాలేదు. నువ్వు దుప్పటి దులిపావంటే ఇది బెదిరి చక్కెరదుంపల చేలమీదుగా పోతుంది."

"పోయినవారం ఇదే దుప్పటి మీద రెట్ట వేసింది."

"నేనే ఉతుకుతాను. ఇస్త్రీ కూడా చేస్తాను. కదలకు!"

"పోనీ నన్ను లోపలికి పోనీ. అదే దిగుతుంది."

"తలుపు చప్పుడవుతుంది! పావురాల సంగతి నువ్వు నాకు చెప్పాలా?"

ఇర్మా తన వంటింటి కిటికీ వైపు ఒకసారి చూసుకుంది. వాన పెద్దదైంది. ఓదీల్ బఠాణీల డబ్బా ఆడిస్తూ, "రా నా బంగారం, రా నా తండ్రీ" అని బతిమాలాడు. పావురం అటు తిరిగి కూర్చుంది.

సందులోకి ట్రాక్టరొకటి వచ్చింది. ఓదీల్ చేతులు చాచి పరుగెత్తేలోగానే, నడిపేవాడు కప్పు మీదికి ఒకసారి చూసి ఇంజను ఆపేశాడు. ఆపి, టోపీ ముఖం మీదికి లాక్కుని కూర్చున్నాడు. ఆ ఊళ్లో అది ఒకరు చెప్పాల్సిన పని కాదు.

ఇరవై నిమిషాలు గడిచాయి. వెనక వీధిలోంచి గాస్తోన్ కేక వినబడింది. "వచ్చేసిందిరోయ్!"

ఓదీల్ డబ్బా నేలకేసి కొట్టాడు. "దరిద్రపు పక్షీ! రేపు నిన్ను పులుసు పెట్టకపోతే అడుగు!"

"ఇకనైనా నేను పోవచ్చా?" అంది ఇర్మా, జుట్టులోంచి నీళ్లు కారుతుంటే.

"పో తల్లీ, పో. ఇంకేం మిగిలింది గనక?"

ఆమె లోపలికి వెళ్లి వంటింటి కిటికీ దగ్గరికి చేరిందో లేదో, పావురం కప్పు మీద నుంచి జారి నేరుగా ఆ కిటికీ గట్టు మీద వాలి, గాజును టకటకా పొడిచింది.

నోరు తెరిచి నిలబడిపోయిన ఓదీల్ వైపు చూడలేక, ఇర్మా కిటికీ తెరిచి, తల వంచుకుని అంది.

"కోప్పడకు ఓదీల్... రోజూ నా దగ్గర వెన్న రాసిన రొట్టె తిన్నాకే గదా, అది మీ ఇంటికి వస్తుంది!"