ఓడినాయన మెడలో దండ

పందొమ్మిదివందల యాభైయేడు ఎన్నికల్లో ఓడిపోయిన మర్నాడే మెడలో దండ పడేసరికి కామ్రేడ్ వీరభద్రప్పకు ఒళ్లు మండింది.

"గెలిచిన మిల్లు షావుకారు ఇల్లు అవతలి వీధిలో ఉండాది, పోమ్మా!"

"తెలుసప్పా. ఆయప్పకు ఓట్లేసింది మేమే గదా," అంది దండ వేసిన సిరుగుప్ప రైతు పంపమ్మ, ఏమాత్రం తడుముకోకుండా.

"కాలవ నీళ్ల కోసరం మీతోపాటి లాఠీదెబ్బలు తినింది నేను. ఓట్లు ఆయప్పకా?"

"ఓటేసేదంటే మనిషిని బెంగళూరు అసెంబ్లీకి తోలేదే గదప్పా. తూకాల్లో మోసం జేసే ఆయప్పను తోలితే అయిదేండ్లు ఊరికి పీడ విరగడైతాది. నిన్ను తోలేసి మేమేం గావల్ల?"

వీరభద్రప్ప దండ తీసి పక్కన పెట్టి కుర్చీలో చతికిలపడ్డాడు.

"సుమ్నె, ఊరికే కూచుంటే ఎట్లప్పా? కాలవలో నీళ్లు మళ్లా నిలిచిపోయినాయి. కాలవ ఆఫీసు కాడ జనమంతా నీ కోసరమే కాచుకోనుండారు."

ఆయన గొణుక్కుంటూనే చెప్పులేసుకున్నాడు. గుమ్మం దాటాక మాత్రం ఆశ చావక అడిగాడు.

"వచ్చే ఎలక్షన్లోనన్నా నాకేస్తారా?"

పంపమ్మ గబగబా లెంపలేసుకుంది.

"ఎంతమాటప్పా! నీ మింద మాకేం కోపముండాది?"