చెక్క నౌక

చందు గుద్దిన గుద్దుకి సాయిశంకర్ తల వెనకనున్న ప్లైవుడ్ గోడకి కొట్టుకుంది. పెదవి చిట్లి రక్తం కారింది.

“ఏట్రా సందుగా, పిచ్చెక్కిందేటి?”

“మా అక్క కన్ను ఎలా వాచినాదో సెప్పు బావా.”

“మెట్ల మీంచి పడిపోనాది. నిన్న పోలీస్ స్టేషన్లో నీ ముందే సెప్పినాది కదరా సత్యశ్రీ!”

రెండో గుద్దు ముక్కు మీద పడింది.

తప్పించుకోడానికి అక్కడ చోటు లేదు. మనుషుల్ని అంతరిక్షంలోకి తీసుకెళ్ళే కొత్త నౌకని కట్టేముందు, అంతే సైజులో చెక్కతోనూ రేకుతోనూ ఒక నమూనా కడతారు. కూర్చుంటే మోకాలు ఎక్కడ తగులుతుందో, చెయ్యి దేనికి అందదో ముందే తెలియాలి కదా. కంచరపాలెంలో రైలు పట్టాల పక్కన ఒక షెడ్డులో ఆ నమూనా తయారవుతోంది. బావా బావమరుదులిద్దరూ అందులోనే పనివాళ్ళు. సాయిశంకర్ వెల్డరు, చందు వడ్రంగి. కొలతలు చూడాలని ఇంజినీరు నీలిమ ఇవాళ ఇద్దరికీ నారింజరంగు సూట్లు తొడిగించి లోపలికి పంపింది. మూడో సీటు ఇసక నింపిన బొమ్మది. దానికీ అదే సూటు, నల్లద్దాల హెల్మెట్టు. బొమ్మని ఎక్కించే పని చందుదే కనక, సాయిశంకర్ వచ్చేసరికే ఆ సీటు నిండి ఉంది. తలుపు బయటినుంచి బోల్టులేసి బిగించేశారు.

సాయిశంకర్ పాక్కుంటూ తలుపు దగ్గరికి వెళ్ళి పిడి పట్టుకుని లాగాడు. పిడి ఊడి చేతిలోకొచ్చింది.

చందు పకపకా నవ్వాడు. “అది నాను సెక్కిన పిడే బావా. ఫెవికాల్ పెట్టి అతికించాను. ఎక్కడికి పోతావు? ఆ మీటలు నొక్కి సూడు.”

మీటలన్నీ కాగితం స్టిక్కర్లు. గుండ్రటి కిటికీలో కనబడే భూమి ఫ్లెక్సీ బొమ్మ. మొదటిరోజు కొబ్బరికాయ కొట్టి, మూడో సీటు పైన పనివాళ్ళు అతికించిన పైడితల్లమ్మ పటం ఒక్కటే ఆ గోడల మీద నిజమైన వస్తువు.

సాయిశంకర్ వెనక్కి తిరగకుండానే చేతిలోని పిడితో ఒక్కటిచ్చాడు. చందు కనుబొమ్మ పగిలింది. తేరుకునేలోగా కడుపులో మోకాలు దిగింది. సాయిశంకర్ పొడగరి, చేతులు ఇనుము మోసినవి. చందుని సీట్లోకి తోసి, మీదెక్కి కూర్చున్నాడు.

“నన్ను కొడతావా? నీ అక్కకే దిక్కు లేదు, నువ్వెంతరా!”

పరీక్ష కోసమని సీటు బెల్టులు మాత్రం అసలువే బిగించారు. ఒక బెల్టు లాగి చందు మెడకి చుట్టాడు.

“మరి ఒట్టేసావంట కదా,” అన్నాడు చందు, గొంతు పీలికలవుతుంటే. “అమ్మోరి మీద. ఇంక సెయ్యెత్తనన్నావంట. అక్క నమ్మీసినాది. అందుకే మెట్లని సెప్పినాది.”

“ఒట్టెయ్యకపోతే కేసు పెట్టీసేది కదరా!”

“అయితే అటు సూసి సెప్పు బావా. ఇంకెప్పుడూ కొట్టవు కదా?”

చందు వేలితో మూడో సీటు వైపు చూపించాడు. సాయిశంకర్ తల వెనక్కి తిప్పి పటాన్ని చూశాడు. పసుపు పూసిన ముఖంలో అమ్మవారు నిదానంగా చూస్తోంది. సాయిశంకర్‌కి భక్తి లేదని ఎవరూ అనలేరు. మంగళవారం నీచు ముట్టడు, ఏటేటా సిరిమానోత్సవానికి విజయనగరం వెళ్ళి మొక్కి వస్తాడు. నోటి దాకా వచ్చిన ఆ భక్తి చేతి దాకా ఎందుకు రాలేదో!

“పటానికి సెవులున్నాయేట్రా?” అన్నాడు సాయిశంకర్. “కొడతాను. నా పెళ్ళాం, నా ఇష్టం. స్టేషన్ దాకా ఎల్తాదా? ఈపాలి మెట్ల మీంచి కాదు, మేడ మీంచి పడతాది. ఆపైన ఏటైనా సెప్పడానికి నోరే ఉండదు.”

బెల్టు ఇంకాస్త బిగించాడు. చందు కాళ్ళు తపతపా కొట్టుకున్నాయి. మడమ తగిలి స్టిక్కర్ మీటల పలక ఊడి కిందపడింది. నమూనా మొత్తం ఊగింది.

“లోపల ఏం జరుగుతోంది? చందూ! సాయిశంకర్!” బయటినుంచి నీలిమ తలుపు బాదుతోంది.

“ఏటీ లేదు మేడమ్!” అని అరిచాడు సాయిశంకర్. తర్వాత చందు చెవి దగ్గరికి వంగాడు. “బయటికెళ్ళాక కాలు జారి పడ్డానని సెప్పు. మీ ఇంట్లో అందరికీ అదే అలవాటు కదా. సెప్తావా, ఇక్కడే సస్తావా?”

చందు ముఖం నల్లబడుతోంది. కళ్ళు మాత్రం సాయిశంకర్ భుజం మీదుగా మూడో సీటునే చూస్తున్నాయి.

క్లిక్‌మని ఒక బెల్టు ఊడిన చప్పుడైంది.

సాయిశంకర్ తన చేతులకేసి చూసుకున్నాడు. అతను పట్టుకున్న బెల్టు ఊడలేదు. ఇంతలో నారింజరంగు గ్లవ్ తొడిగిన చెయ్యి వెనకనుంచి వచ్చి, ఆ బెల్టుని అతని పట్టులోంచి లాగేసింది. చందు దగ్గుతూ సీట్లోంచి కిందకి జారాడు.

సాయిశంకర్ వెనక్కి తిరిగాడు.

బొమ్మ నిలబడి ఉంది. నల్లద్దం పైకెత్తింది. లోపల ఒక కన్ను వాచి మూసుకుపోయి ఉంది, రెండోది అతన్నే చూస్తోంది.

“తలుపు తియ్యండి మేడమ్,” అంది సత్యశ్రీ. “నాను మెట్ల మీంచి పడలేదు.”