కొంగ చూడని కాళ్లు

వేటగాడి పంజరంలోంచి తప్పించుకున్న గోరింక ఒకటి అడవి అంచుకు చేరింది. అడవిలోకి ఎవరు రావచ్చో, ఎవరు రాకూడదో తేల్చేది కొంగ. అది మద్దిచెట్టు చిటారుకొమ్మ మీంచి దిగకుండానే తీర్పులు చెప్పేది.

"అయ్యా, మిగతా పిట్టల్ని పిలిచి వలలో పడెయ్యమన్నాడు వేటగాడు. పిలవనన్నానని నా రెక్కలు కత్తిరించాడు. వెనక్కి పంపితే ఈసారి చంపేస్తాడు" అంది గోరింక.

కొంగ ముక్కు విదిలించింది. "రెక్కల్లేని పిట్ట ఇన్ని కొండలు దాటి ఎలా వస్తుంది? అంతా కట్టుకథ. పో!"

గోరింక పోలేదు. ఏటిగట్టున ఉండే ముసలి తాబేలుకి మొరపెట్టుకుంది. కొంగ తీర్పు తప్పయితే కొట్టేసే అధికారం తాబేలుకుంది.

తాబేలు కొంగని పిలిపించింది. "ఎలా వచ్చావని ఈ పిల్లని అడిగావా?"

"అడగడమెందుకు పెద్దయ్యా? పిట్టలు ఎగిరే కదా వస్తాయి!"

"కాళ్లు చూశావా?"

"అంత పైనుంచి కాళ్లేం కనిపిస్తాయి?"

"చూడకుండా చెప్పింది తీర్పే కాదు. కొట్టేస్తున్నాను. ఉండనివ్వాలో వద్దో తేల్చడం నీ పని. ఈసారి నేల మీద నిలబడి తేల్చు."

కొంగ వంగి చూసింది. గోరింక అరికాళ్లు చీలిపోయాయి. గోళ్లు మొదలంటా అరిగిపోయాయి. కొంగ దారిలోంచి పక్కకి జరిగింది.

"నడిచొచ్చావా తల్లీ! లోపలికి రా."

గోరింక అడవిలో అడుగుపెట్టగానే కొమ్మల మీది పిట్టలన్నీ కేరింతలు కొడుతూ నేలకి దిగాయి. ఆ రోజు ఒక్కటంటే ఒక్కటి ఎగరలేదు. అన్నీ గోరింక వెంటే నడిచాయి. అన్నిటికన్నా వెనక, పొడుగు కాళ్లతో తడబడుతూ, కొంగ.